పన్ను తీయించుకొను దినమున

పిల్లల పన్ను ఊడినప్పుడు నవ్వుచు ధైర్యము చెప్పు మనము, మన దవడపన్ను తీయవలెనని డాక్టరుగారు చెప్పగానే లవంగము నొక్కిపెట్టుకొని నెల గడిపెదము. భయమని ఒప్పుకొనుటకు సిగ్గు. విశ్వాసికి భయమేమని సంఘములో అందురేమోయని మరింత సిగ్గు.

దావీదు ఆలాగు దాచలేదు. గాతులో ఫిలిష్తీయులు తన్ను పట్టుకొనినప్పటి 56వ కీర్తనలో, తన భయమును దేవునితోనే చెప్పి ఆయనను ఆశ్రయించెను. భయము పోవువరకు కనిపెట్టలేదు.

మనమును డాక్టరుగారియొద్ద దాచనక్కరలేదు. షుగరు, రక్తపోటు, రక్తము పలుచన చేయు మాత్రలు ఉన్నయెడల అదియు ముందే చెప్పవలెను. ఆ మాత్రలు మనంతట మనము మానరాదు. మత్తు సూది చిగురులో చురుక్కుమనును. తరువాత నొక్కుట, కదలించుట తెలియును గాని నొప్పి తెలియకూడదు. తెలిసినయెడల చెయ్యి యెత్తిన మరల మత్తు ఇత్తురు. నేడు విరివిగా వాడు లిగ్నోకైను 1943లో స్వీడను దేశమున కనుగొనబడినది. మన పూర్వులకు అది లేదు. అయితే చీముపట్టి దవడ వాచువరకు ఆగినయెడల ఆ మత్తు సరిగా పట్టదు.

కుర్చీలో నోరు తెరచియుండగా ప్రార్థన పలుకలేము. కనుక బయలుదేరకమునుపే ఇంటివారితో మోకరించి, భయముగా నున్నదని ప్రభువుతో చెప్పుదము. సంఘములో ఒకరిని తోడు తీసికొని పోవుదము.