రేసు కారు ఇంజను పొంగకుండా: శేరిగూడ ఎండల్లో చేయవలసినవి, చేయకూడనివి

హైదరాబాదు రోడ్ల మీద రేసు కార్లు పరుగెత్తింది చలికాలంలోనే. ఇండియన్ రేసింగ్ లీగ్ 2022 నవంబరు, డిసెంబరు నెలల్లో వచ్చింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ 2023 ఫిబ్రవరి 11న జరిగింది. ఇంజనీరింగ్ విద్యార్థులు తాము కట్టిన కార్లతో పోటీపడే ఫార్ములా భారత్‌ను కూడా కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేలో సాధారణంగా జనవరిలోనే పెడతారు. కానీ కారుకు వెల్డింగు చేసేది, ఇంజను బిగించేది, ఖాళీ స్థలంలో తిప్పి చూసేది చాలాసార్లు పరీక్షలయ్యాక, ఎండలు ముదిరినప్పుడు. నాగార్జునసాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు చాలానే ఉన్నాయి. శేరిగూడలోనే శ్రీ ఇందు ఉంది, ఖానాపూర్‌లో గురునానక్ ఉంది. ఇలాంటి కాలేజీల షెడ్లలో రేసు కారు కట్టాలనుకునే పిల్లలకు ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఇంజను పాడైతే మళ్లీ కొనుక్కోవచ్చు. మరిగే నీళ్లు ముఖాన పడితే ఆ బాధ జీవితాంతం ఉంటుంది.

ముందు లెక్క చూడండి. నీటికీ బయటి గాలికీ మధ్య వేడిలో ఎంత తేడా ఉంటే రేడియేటర్ అంతగా పనిచేస్తుంది. నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. జనవరిలో గాలి 25 డిగ్రీలుంటే తేడా 65. మే నెలలో గాలి 42కు చేరితే ఆ తేడా 48కి పడిపోతుంది. రేడియేటర్ అదే, ఫ్యాను అదే, చల్లబరిచే శక్తిలో మాత్రం నాలుగో వంతుకు పైగా పోయింది. పైగా రేసు కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది, కాగిన తారు మీది గాలినే అది పీల్చుకోవాలి. అందుకే జనవరిలో బాగా పనిచేసిన కారును నమ్మి మే నెలలో అలాగే తిప్పకండి.

నీళ్ల సంగతి

బోరు నీళ్లు పోయకండి. రంగారెడ్డి, నల్లగొండ వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. స్నానానికి నీళ్లు కాచుకునే హీటరు రాడ్డు మీద తెల్లగా గట్టిగా పేరుకునే పొర మీరు చూసే ఉంటారు. రేడియేటర్ సన్న గొట్టాల్లోపల కూడా అదే పేరుకుంటుంది, కాకపోతే బయటికి కనిపించదు. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు.

ఫార్ములా భారత్ లాంటి ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల్లో నీటితో చల్లబడే ఇంజనుకు ఉత్త నీళ్లే వాడాలన్నది నిబంధన. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ట్రాక్ మీద కారిందంటే వెనకొచ్చే కారు జారిపోతుంది. వేడిని మోసుకుపోవడంలో కూడా గ్లైకాల్ కలిపిన నీళ్లకన్నా ఉత్త నీళ్లే మేలు. అయితే ఉత్త నీళ్లకు తుప్పును ఆపే గుణం లేదు కాబట్టి, పోటీ అయ్యాక నీళ్లు దించేసి లోపల ఆరనివ్వాలి. రోడ్డు మీద తిరిగే మీ సొంత బండికి మాత్రం కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి, ఈ నిబంధన దానికి వర్తించదు.

వాడేసిన కూలెంట్‌ను మోరీలో పారబోయకండి. కూల్‌డ్రింకు సీసాల్లో అసలే పోసి పెట్టకండి. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కలు నాకుతాయి, దూడలు తాగుతాయి, దాహం వేసిన పిల్లాడు రంగు నీళ్లనుకుని ఎత్తి తాగేస్తాడు. దాన్ని మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో పోసి, పేరు రాసి, తాళం వేసి ఉంచండి.

గాలి దారి

పెద్ద రేడియేటర్ కొనేముందు, ఉన్న దానిలోంచి గాలి నిజంగా పోతోందా అని చూడండి. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. రేడియేటర్ అంచుల చుట్టూ వేలు పట్టేంత సందున్నా చాలు, రెక్కల మధ్యకు పోవలసిన గాలి ఆ పక్కనుంచి జారిపోతుంది. అల్యూమినియం రేకుతోనో ఫోముతోనో ఆ సందులు మూసేయండి. లోపలికి వచ్చిన గాలి వెనకనుంచి బయటికి పోయే దారి కూడా ఉండాలి. చాలామంది ముందు భాగం అందంగా కట్టి, వెనక దారి మూసేస్తారు.

ఫ్యాను తిరుగుతోంది కదా అని తృప్తిపడకండి. వైర్లు తారుమారైతే అది ఎదురు తిరుగుతుంది, చూపుకు తేడా తెలియదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఫ్యాను ఒక్కటే వేసి, రేడియేటర్ ముందు ఒక తెల్ల కాగితం పెట్టండి. కాగితం రేడియేటర్‌కు అతుక్కుంటే సరే. ఎగిరి అవతల పడితే వైర్లు మార్చండి. ఫ్యాను చుట్టూ రేకు తొడుగు కూడా ఉండాలి, లేకపోతే రెక్కలు తిరిగినంత మేరే గాలి లాగుతుంది.

రోజూ పని మొదలుపెట్టేముందు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, గడ్డి, పురుగులు తీసేయండి. గాలి వచ్చిన దిక్కుకు ఎదురుగా, వెనక వైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టాలి. వాహనాలు కడిగే ప్రెషర్ గొట్టం దగ్గరగా పెట్టి కొడితే ఆ పల్చటి రెక్కలన్నీ వంగిపోతాయి.

స్టార్ట్ చేసేముందు

విద్యార్థుల కార్లలో ఎక్కువగా కనిపించే తప్పు లోపల గాలి చిక్కుకోవడం. కేటీఎం 390 లాంటి బైకు ఇంజను తెచ్చి కారులో పెట్టినప్పుడు రేడియేటర్ కిందికి, ఇంజను హెడ్డు పైకి వస్తాయి. నీళ్లు పోసే చోటు హెడ్డు కన్నా కింద ఉంటే గాలిబుడగ హెడ్డులోనే కూర్చుంటుంది. ఇంజనులో అన్నిటికన్నా వేడెక్కే చోటికే నీళ్లు అందవు. నీళ్లు పోసే మూత మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తున ఉండేలా కట్టండి. చల్లని ఇంజనులో నీళ్లు పోసి, హోస్ పైపులను చేత్తో నొక్కుతూ బుడగలు రావడం ఆగేదాకా నింపండి.

క్లిప్పులన్నీ స్క్రూడ్రైవర్‌తో మరోసారి బిగించి చూడండి. హోస్ పైపు సైలెన్సర్ గొట్టానికి తగలకూడదు. డ్రైవర్ పక్కనుంచి పోయే వేడినీటి గొట్టానికీ అతనికీ మధ్య గట్టి అడ్డు తప్పనిసరి. పొంగిన నీళ్లను పట్టుకునే క్యాచ్ క్యాన్ కనీసం 0.9 లీటరు, లేదా మొత్తం నీళ్లలో పదో వంతు, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత పట్టాలని ఆ పోటీల నిబంధన. అది మరిగే నీళ్లకు మెత్తబడకూడదు కూడా. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాను టేపుతో చుట్టి పెట్టే వాళ్లున్నారు, అది ముమ్మాటికీ తప్పు.

పరుగులో

కదిలే కారుకు గాలి తనంతట తానే అందుతుంది. వరుసలో నిలబడి, ఇంజను ఆన్‌లో ఉన్న కారే ముందు పొంగుతుంది. మీ వంతు వచ్చేదాకా ఇంజను ఆపేయండి, కారును నీడకు తోయండి.

ఉష్ణోగ్రత ముల్లు గురించి ఒక మాట డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంచండి. పైకి పాకుతున్న ముల్లు హఠాత్తుగా కిందికి పడితే ఇంజను చల్లబడిందని సంబరపడకూడదు. నీళ్లు కారిపోయి, సెన్సరు గాలిలో తేలుతోందని దాని అర్థం కావచ్చు. ఆ క్షణమే పక్కకు తీసి ఆపేయాలి. ఈ ల్యాపు పూర్తిచేద్దాం అనుకుంటే గాస్కెట్ పోతుంది, హెడ్డు వంగుతుంది, ఇంజను పట్టేస్తుంది.

డ్రైవర్‌ను కూడా చూసుకోండి. మంటకు తట్టుకునే సూటు, గ్లవ్స్, హెల్మెట్ వేసుకుని ఎండలో కూర్చున్న మనిషి శరీరం చల్లబడే దారులన్నీ మూసుకుపోయినట్టే. పరుగుకు పరుగుకు మధ్య హెల్మెట్ తీయించండి, ఓఆర్ఎస్ తాగించండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. సూటు విప్పి, నీళ్లతో తడిపి, 108కి ఫోన్ చేయండి. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా కారు తీయకపోవడమే మంచిది.

ఇంజను ఆపిన తర్వాత

ఎక్కువ ప్రమాదం ఇక్కడే ఉంది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, నీళ్లు కదలవు, కానీ హెడ్డులోని వేడి ఆ నిలిచిన నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. అందుకే ఆపిన కొన్ని నిమిషాల పాటు వేడి తగ్గకపోగా పెరుగుతుంది. ఫార్ములా స్టూడెంట్ ఎండ్యూరెన్స్ పరుగు సుమారు 22 కిలోమీటర్లు. మధ్యలో ఇంజను ఆపి డ్రైవర్‌ను మార్చాలి, మళ్లీ స్టార్ట్ చేయాలి. ఆ కాస్త సేపట్లోనే మొండికేసే కార్లుంటాయి. ఆ మార్పును కూడా మండే ఎండలో ముందే సాధన చేసి చూడండి.

వేడి ఇంజను రేడియేటర్ మూత తీయకండి. గుడ్డ చుట్టి తీసినా సరే, ఎవరు తొందరపెట్టినా సరే. హైదరాబాదు చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, మూతలేని గిన్నెలో నీళ్లు ఇక్కడ 98 డిగ్రీలకే మరుగుతాయి. మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్లే రేడియేటర్‌లో నీళ్లు 110 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి నీటికన్నా సుమారు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. మిగిలిన మరిగే నీళ్లన్నింటినీ అది మీ ముఖం మీదికి తోస్తుంది. పై హోస్ పైపును మందపాటి గ్లవ్స్‌తో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. మెత్తబడి, చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడే దాకా ఆగండి. అరగంట పట్టినా, గంట పట్టినా ఆగాల్సిందే.

తొందరపడి ఇంజను మీద చల్లని నీళ్లు గుమ్మరించకండి, హెడ్డు పగులుతుంది. ఫ్యాను దగ్గర వేళ్లు పెట్టకండి, తాళం తీసేశాక కూడా అది తనంతట తానే తిరగవచ్చు. వేడి ఇంజను పక్కన పెట్రోలు పోయకండి. మంటలార్పే సిలిండరు షెడ్డు మూలలో ఉంటే ఉపయోగం లేదు, కారు పక్కన ఒక మనిషి చేతిలో ఉండాలి.

కాలితే

కాలిన చోటును వెంటనే మామూలు పారే నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. ఉంగరాలు, గడియారం వాపు రాకముందే తీసేయండి. అతుక్కున్న బట్టను లాగకండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, ఇంకు ఏదీ రాయకండి, బొబ్బలు చిదమకండి. ముఖం, కళ్లు, మెడ కాలినా, కాలిన చోటు అరచేతికన్నా పెద్దదైనా శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. షెడ్డు గోడ మీద 108 నంబరు, షెడ్డుకు వచ్చే దారి గుర్తులు పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. ఫోన్ చేసే వాడు కంగారులో ఉంటాడు, చూసి చదివితే చాలు.