పట్టణ పెద్దలు, మన బిడ్డలు



బిడ్డల బాగోగులు తలిదండ్రుల పని, బడి పంతులు పని అని మనము అనుకొందుము. అయితే బిడ్డ త్రాగు నీరు, నడచు వీధి, ఆడుకొను స్థలము, అనేక చోట్ల చదువుకొను బడి కూడ కార్పొరేషన్ లేక మునిసిపాలిటీ చేతిలో నున్నవి. పట్టణ పెద్దలు ఏమి చేయగలరు? మనము వారిని ఏమి అడుగవచ్చును? ఈ పాఠములో చూతము.

1. ఒక్క అణా తీర్మానము

1920లో మద్రాసు కార్పొరేషన్‌కు పిట్టి త్యాగరాయ చెట్టి గారు అధ్యక్షులు. టి.నగర్ ఆయన పేరిటిదే. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలు మిక్కిలి బీదలు. అందువలన హాజరు తక్కువగా నుండెను. దినమునకు ఒక్కొక్క బిడ్డకు ఒక అణా మించకుండ ఖర్చు చేసి మధ్యాహ్నము ఫలహారము పెట్టవలెనని సభవారు తీర్మానించిరి. పిదప మరి నాలుగు బడులలోను పెట్టిరి. 1922–23లో 811 మంది పిల్లలుండగా 1924–25 నాటికి 1,671 మంది అయిరి.

అయితే 1925 ఏప్రిల్ 1న అది ఆగిపోయెను. ప్రాథమిక విద్యానిధి నుండి ఆ ఖర్చు చేయకూడదని ప్రభుత్వము చెప్పుటయే కారణము. ఇందులో మనకు రెండు సంగతులు తెలియుచున్నవి. ఆకలి తీరినయెడల బిడ్డ బడికి వచ్చును. అయితే పెద్దల మంచి మనస్సు ఒక్కటే చాలదు, బడ్జెట్టులో నిలువదగిన పద్దు ఉండవలెను. ఆ పని తరువాత మరల మొదలై, కామరాజు గారి కాలములోను, 1982లో ఎం.జి.ఆర్. గారి కాలములోను తమిళనాడంతట విస్తరించెను. 2001లో సుప్రీంకోర్టు దేశమంతట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టుమని ఆజ్ఞాపించెను.

2. చట్టము ఉంచిన భారము

2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము, 9వ సెక్షనులో, స్థానిక సంస్థపై స్పష్టమైన బాధ్యతలు ఉంచినది. తన పరిధిలోని పదునాలుగేండ్ల లోపు బిడ్డల పట్టిక ఉంచవలెను. వలస కుటుంబముల బిడ్డలను బడిలో చేర్పించవలెను. వయస్సు కాగితము లేదని గాని, టి.సి. ఆలస్యమైనదని గాని బడివారు చేర్చుకొననని చెప్పకూడదు.

మాతృభాష మాటయు ఉన్నది. చిన్న తరగతులలో అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు వారి భాషలో చదువు చెప్పుటకు రాష్ట్రమును, స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణము చెప్పుచున్నది. "ప్రయత్నింపవలెను" అనుటచేత, అడుగువారు లేనిచోట అది కాగితముమీదనే నిలిచిపోవచ్చును.

3. యౌవనస్థులు, కుటుంబములు

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగింపదగిన 18 విషయములను చెప్పినది. మురికివాడల బాగు, పేదరిక నిర్మూలన, పార్కులు, ఆటస్థలములు అందులో నున్నవి. రాష్ట్రము ఎంత అప్పగించునో అంతే వారి అధికారము. అయినను ఆటస్థలము లేని పేటలో సాయంకాలము యౌవనస్థులు ఎక్కడికి పోవుదురో మనకు తెలియును. తల్లి పనికి పోయినప్పుడు చంటిబిడ్డను చూచువారెవరు అనునదియు కౌన్సిలరు ఎదుట పెట్టదగిన ప్రశ్నయే.

4. మనము చేయదగినది

మన తాతలు ఈ ఊళ్లకు వచ్చిననాడు ఈ చట్టములు లేవు. నేడు ఇటుక బట్టీలకు, కట్టడపు పనులకు క్రొత్తగా వచ్చువారికి ఊరి భాష తెలియదు, ఆఫీసు తెలియదు. స్థిరపడిన మనకు రెండును తెలియును.

బడి నిర్వహణ కమిటీలో ముప్పాతికమంది తలిదండ్రులే ఉండవలెను, సభ్యులలో సగము మంది స్త్రీలు. ఆ స్థానములకు మన తల్లులు ముందుకు రావలెను.

కూడిక ముగిసిన పిమ్మట మాటలాడుకొనుటకు:

అ) మన పేటలో బడికి పోని బిడ్డలెందరు? వారి పేర్లు వ్రాసి కౌన్సిలరు చేతికి ఇచ్చువారెవరు?
ఆ) మన వార్డు బడిలో నీళ్లు, మరుగుదొడ్లు, భోజనము సరిగా నున్నవా?
ఇ) తెలుగు చదువు కావలెనని అడుగు కుటుంబములు ఎన్ని? అందరును కలిసి అర్జీ పెట్టగలమా?