పాఠశాల క్రింది విషము

విద్యార్థులారా! మన పాఠశాల నిలిచియున్న నేలలో నేమున్నదని మీలో నెవరైన నెప్పుడైన నడిగితిరా? గోడలను చూతుము, కప్పును చూతుము. పునాది క్రింది మంటిని గూర్చి తలంచువారు మిక్కిలి తక్కువ. అమెరికా దేశమున నొక పట్టణపువారు ఇట్టి ప్రశ్నను చాల ఆలస్యముగా నడిగిరి. అయినను అడిగిరి గనుకనే వందలకొలది కుటుంబములు విషభూమిని విడిచి బయటపడగలిగినవి. ఆ వృత్తాంతమును, అందు మనము నేర్చుకొనదగిన విచారణ పద్ధతిని ఈ వ్యాసమున వివరింతుము.

స్థల వృత్తాంతము

న్యూయార్కు రాష్ట్రమున, ప్రసిద్ధమైన జలపాతము చెంత, నయాగరా ఫాల్సు అను పట్టణము కలదు. 1890 తరువాతి సంవత్సరములలో విలియం లవ్ అను నతడు నయాగరా నదినుండి కాలువ త్రవ్వించి, ఆ నీటి పాటున విద్యుచ్ఛక్తిని పుట్టించి, ఫ్యాక్టరీలతో కూడిన యొక ఆదర్శ నగరమును కట్టింప దలచెను. ధనము చాలక పని మధ్యలోనే నిలిచిపోయెను. సుమారు 3,000 అడుగుల పొడవుగల గుంట మాత్రము మిగిలెను. దానికి లవ్ కెనాల్, అనగా లవ్ గారి కాలువ, అను పేరు నిలిచినది.

1942 మొదలు 1953 వరకు హుకర్ కెమికల్ కంపెనీవారు తమ ఫ్యాక్టరీలలో మిగిలిన రసాయన వ్యర్థములను పీపాలలో నింపి యా గుంటలో పూడ్చిరి. అట్లు పూడ్చినది 21,000 టన్నులకు పైబడియుండెను. పిమ్మట దానిపై బంకమన్ను కప్పి, 1953లో ఆ స్థలమును పట్టణ విద్యాసంఘమువారికి ఒక్క డాలరు వెలకు విక్రయించిరి. అందు రసాయనములు పూడ్చబడియున్నవనియు, వానివలన హాని కలిగినచో తాము బాధ్యులము కామనియు దస్తావేజులో వ్రాసిరి. విద్యాసంఘమువారు ఆ మాట నెరిగియు నచ్చటనే బడి కట్టించిరి. 1955లో పిల్లలు చేరిరి. చుట్టును ఇండ్లు లేచినవి. ఆ యిండ్లు కొనినవారిలో పెక్కండ్రకు దస్తావేజు సంగతి తెలియదు.

విషము పైకి వచ్చిన విధము

ఇచ్చట నొక ప్రకృతి ధర్మమును గ్రహింపవలెను. బంకమన్ను నీటిని సులభముగా ఇంకనీయదు. కావున ఆ గుంట యొక పెద్ద తొట్టివలె నుండెను. పైకప్పు చెదరనంత కాలము లోనికి నీరు అంతగా చేరదు. కాని బాటలు వేయుటకును, మురుగు గొట్టములు దించుటకును, ఇండ్లు కట్టుటకును త్రవ్వినందున ఆ కప్పు చెదిరెను. వాననీరును, మంచు కరగిన నీరును లోనికి దిగినవి. పీపాలు త్రుప్పుపట్టి చిల్లులు పడినవి. 1970 తరువాత వానలును మంచును హెచ్చుగా కురిసిన సంవత్సరములలో, నిండిన తొట్టి పొర్లినట్లు, రసాయనములతో కలిసిన నీరు ప్రక్కలకు పారెను. నేలమాళిగల గోడలలో జిడ్డు ఊరెను. పెరళ్లలో చెట్లు మాడెను. ఆ నేలపై ఆడుకొనిన పిల్లల చేతులకును ముఖములకును కాలినట్టి మచ్చలు కనబడెను.

ఆ ద్రవ్యములలో బెంజీను, లిండేను, డయాక్సిను మున్నగునవి యుండెను. వీనిలో బెంజీను రక్తపు క్యాన్సరును కలిగించునని వైద్యశాస్త్రము నిర్ణయించియున్నది. 1978లో నయాగరా గెజెట్టు అను స్థానిక పత్రికయందు మైకేల్ బ్రౌన్ అను విలేఖరి వరుసగా వ్రాసిన వార్తల వలన ఈ సంగతి పట్టణమంతటికిని తెలిసెను.

ఇంటింటి విచారణ

ఆ వార్తలను చదివినవారిలో లోయిస్ గిబ్స్ అను గృహిణి యొకతె. ఆమెకు రసాయనశాస్త్రముతో గాని రాజకీయములతో గాని పరిచయము లేదు. ఆమె కుమారుడు ఆ బడిలో చేరిన పిమ్మట మూర్ఛలు మొదలగు వ్యాధులకు లోనయ్యెను. వానిని వేరొక బడికి మార్పుడని వేడుకొనగా నధికారులు నిరాకరించిరి. అంతట నామె బడిని మూయవలెనని యొక అర్జీ వ్రాసి, సంతకములకై యింటింటికి బయలుదేరెను. మొదటి యింటి తలుపు తట్టగా నెవరును రాలేదు. తాను భయపడి వెంటనే యింటికి మరలి వచ్చితినని యామెయే తరువాత చెప్పినది. అయినను మరల బయలుదేరెను.

తలుపు తెరచినవారు సంతకము చేసి యూరకుండలేదు. తమ యిండ్లలోని కష్టములను చెప్పుకొనిరి. ఒక యింట గర్భస్రావము, మరియొక యింట అంగవైకల్యముతో పుట్టిన శిశువు, వేరొక యింట ఉబ్బసము. ఇది మా యింటికే వచ్చిన కష్టమని ప్రతివారును అనుకొనియుండిరి. అన్నియు నొక్కచోట చేర్చి చూచినప్పుడే యది వీధులన్నిటి కష్టమని తోచెను.

1978 ఆగస్టు 2వ తేదీన రాష్ట్ర ఆరోగ్యశాఖాధిపతి ఆ బడిని మూయవలెననియు, గర్భిణులును రెండేండ్ల లోపు బిడ్డలును కాలువ చెంతనున్న యిండ్లను విడువవలెననియు ప్రకటించెను. 7వ తేదీన అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ స్థలమున అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. కాలువకు దగ్గరగా నున్న 239 కుటుంబములకు అన్యత్ర వసతి ఏర్పడెను. ఆ యిండ్ల చుట్టును కంచె వేసి, కంచె కావలనున్నవారికి భయము లేదనిరి. కాని విషము కంచెను చూచి యాగునా? కావలనున్నవారు లవ్ కెనాల్ గృహయజమానుల సంఘముగా నేర్పడగా, గిబ్స్ దానికి అధ్యక్షురాలయ్యెను. దాపుననే అద్దె యిండ్లలో నుండిన కుటుంబములలో పెక్కు నల్లజాతివారివి. తమ మాట వినువారు తక్కువగుటచే వారును వేరుగా సంఘము నేర్పరచుకొనిరి.

పటము చెప్పిన సంగతి

సంఘమువారు కుటుంబములను విచారించి, ఏ యింట నే వ్యాధి యున్నదో పటముపై గుర్తులు పెట్టిరి. అన్ని వీధులలోను గుర్తులు సమానముగా పడక, కొన్ని గీతల వెంట గుంపులు గట్టినవి. పాతకాపులను విచారింపగా, పూర్వము అచ్చట వాగులు పారిన పల్లములుండెననియు, ఇండ్లు కట్టునప్పుడు వానిని పూడ్చిరనియు తెలిసెను. పూడినను ఆ దారులు వదులుగా నుండి, విషజలమునకు మార్గములైనవని వారు తలంచిరి. క్యాన్సరు పరిశోధనాలయమున పనిచేయుచున్న బెవర్లీ పేగెన్ అను శాస్త్రజ్ఞురాలు వారికి తోడ్పడెను. ఆమె పాత వాగుల వెంటనున్న తడినేల యిండ్లను పొడినేల యిండ్లతో పోల్చి, గర్భస్రావములును శిశువుల వైకల్యములును తడినేల యిండ్లలోనే హెచ్చుగా నున్నవని చూపెను.

గృహిణులు పోగుచేసిన లెక్కలు శాస్త్రము కావని అధికారులు త్రోసిపుచ్చిరి. వారి ఆక్షేపణలో కొంత న్యాయము లేకపోలేదు. ఇండ్ల సంఖ్య స్వల్పము. భయపడినవారు తమ జబ్బులను ఎక్కువగా జ్ఞాపకముంచుకొందురు. కాని యిట్టి సందేహమునకు మందు మరింత విచారణయే గాని నిరాకరణ కాదు. 1979 ఫిబ్రవరి 8వ తేదీన ఆరోగ్యశాఖవారే, కంచె కావలి ప్రదేశమునుండి కూడ గర్భిణులను, రెండేండ్ల లోపు బిడ్డలను తరలింపవలెనని సలహా యిచ్చిరి.

తొందరపాటు రెండవ ప్రక్కనను గలదు. 1980లో కేంద్ర పర్యావరణ సంస్థవారు 36 మందిని పరీక్షింపజేసి, 11 మంది రక్తకణములలో క్రోమోజోముల దోషము కనబడెనని ప్రకటించిరి. ఆ ప్రదేశమునకు చెందని వారిని పోలికకై పరీక్షింపనందున ఆ పరిశోధనను పెక్కురు శాస్త్రజ్ఞులు తప్పుపట్టిరి. జనులు మాత్రము మిక్కిలి భయపడిరి. మే 19వ తేదీన వారు ఆ సంస్థకు చెందిన యిద్దరు ఉద్యోగులను కొన్ని గంటలు ఇంటిలో నిర్బంధించిరి. ఆ చర్యను మనము మెచ్చజాలము. కాని రెండేండ్లుగా సమాధానము దొరకని తల్లిదండ్రుల దుఃఖము దానియందు కనబడుచున్నది.

ఫలితము

మే 21వ తేదీన కార్టర్ రెండవమారు అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. అక్టోబరు 1వ తేదీన, వెడలిపోగోరువారి యిండ్లను కొనుటకు ధనమిచ్చు ఏర్పాటునకు సమ్మతించి సంతకము చేసెను. అదే సంవత్సరము డిసెంబరు 11వ తేదీన విషస్థలములను శుభ్రపరచుటకును, కారకులచే ఖర్చు పెట్టించుటకును సూపర్ ఫండ్ అను చట్టము పుట్టినది. గిబ్స్ 1981లో ఇతర గ్రామములకును పట్టణములకును తోడ్పడుటకై యొక సంస్థను స్థాపించెను. బడియు, కాలువ చెంతనున్న యిండ్లును పడగొట్టబడినవి. 2004లో ఆ స్థలము ప్రమాదస్థలముల ప్రధాన జాబితానుండి తీసివేయబడెను. అయినను పూడ్చిన విషము నేటికిని అచ్చటనే మూతక్రింద, కంచెలోపల, కాపలాలో నున్నది. ఒకమారు భూమిలో వేసినదానిని తీసివేయుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

మనము నేర్చుకొనదగినది

ఆ గృహిణులకు ప్రయోగశాల లేదు. వారికుండినవి కాగితము, పెన్సిలు, ఊరి పటము, అడుగుటకు ధైర్యము. ఒక వీధిలో నొకే జబ్బు పలువురికి కనబడినచో, ఎవరికి, ఎప్పుడు, ఏ నీరు త్రాగువారికి వచ్చెనో వ్రాసియుంచుడు. జబ్బు లేని వీధినికూడ అట్లే విచారించి పోల్చుడు. తెలిసినంతయే చెప్పుడు, తెలియనిదానిని పెంచి చెప్పకుడు. పిదప ఆ కాగితమును డాక్టరునకును అధికారులకును చూపుడు. వినకున్నచో మరల చూపుడు.

తల్లిదండ్రులకొక మనవి. పురుగుమందు డబ్బాను కడిగి నీళ్లకు వాడకుడు. మిగిలిన మందును చెరువులోను నూతి దగ్గరను పారబోయకుడు. దానిని పారబోసినవాడు మరచిపోవచ్చును గాని భూమి మరువదు. బడికి గాని యింటికి గాని స్థలము కొనునప్పుడు దస్తావేజును కడవరకు చదువుడు. నయాగరా ఫాల్సు విద్యాసంఘమువారు దానిని చదివియే కొనిరి. దాని ఫలమును మాత్రము పిల్లలనుభవించిరి.