మైదానము లేని ఫుట్‌బాల్

స్వీడన్ దేశమున 1997వ సంవత్సరమున ‘హ్యాట్రిక్’ అను ఫుట్‌బాల్ నిర్వహణ క్రీడ అంతర్జాలమున వెలసెను. ఇందు ఆడువాడు బంతిని తన్నడు. ఒక జట్టుకు నిర్వాహకుడై, దాని మంచిచెడ్డలన్నియు తానే చూచుకొనును.

ఒక్కొక్క లీగు విభాగమున 8 జట్లుండును. ప్రతి జట్టు తక్కిన ఏడింటితోను స్వస్థలమున నొకసారి, పరస్థలమున నొకసారి తలపడును. ఈ విధముగా వారమున కొకటి చొప్పున 14 పోటీలు జరుగును. అగ్రస్థానమున నిలిచినవారికి పై శ్రేణికి పోవు అవకాశము కలుగును; అడుగున నున్నవారు క్రిందికి జారుదురు.

ఇది సులభమని తోచును. కాని చిక్కంతయు ధనము నొద్దనే కలదు. పేరుమోసిన ఆటగానిని వేలములో కొన్నచో రేపే విజయము దక్కవచ్చును. అయితే వాని జీతము వారవారము బొక్కసమును తినివేయును. వయసు మీరినకొలది వాని నైపుణ్యము తరుగును. అప్పు మితిమీరినచో జట్టు దివాలా తీయును. పదునేడేండ్ల కుర్రవానికి శిక్షణ యిచ్చినచో ఫలము వెంటనే కనబడదు. ఈలోపల కొన్ని ఓటములు తప్పవు. ఆ ఓటములను ఓర్చుకొనుటయే నిర్వాహకునకు అసలైన పరీక్ష.

నేటి గెలుపునకై రేపటి దినమును తాకట్టుపెట్టని వాడే ఈ పోటీలో చిరకాలము నిలువగలడు.