వాదానికి ఐదు మెట్లు: గిడుగు వారి పాఠం

సభలో మాట్లాడటం వేరు, సభను ఒప్పించటం వేరు. గౌతమ మహర్షి న్యాయసూత్రాలలో చర్చను మూడు విధాలుగా విభజించారు. సత్యనిర్ణయం కోరి, ప్రమాణాలతో ఇరుపక్షాలూ సాగించేది వాదం. గెలుపే పరమావధిగా, మాటల మాయను కూడా ఆశ్రయించేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలుపుకోక, ఎదుటివారి మాటను ఖండించటమే పనిగా పెట్టుకున్నది వితండ. గ్రామసభలలోను, ఆలయ సంఘాల సమావేశాలలోను మంచి ప్రతిపాదనలు వీగిపోవటానికి, వాదంగా మొదలైన చర్చ జల్పంగా మారటమే తరచు కారణమని నా భావన.

వాదానికి న్యాయశాస్త్రం ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు అవయవాలు చెప్పింది. వీటిని మన ప్రాంతపు మహనీయుని వాదంలోనే చూద్దాం.

గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీకాకుళం సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న ఆయన, పాఠ్యపుస్తకాల గ్రాంథిక భాష పిల్లల చదువుకు అడ్డుగా నిలుస్తున్నదని గ్రహించారు. ఆయన వాదాన్ని నేను ఐదు మెట్లుగా ఇలా అమర్చుకున్నాను.

ప్రతిజ్ఞ: పాఠ్యపుస్తకాల వచనం శిష్టవ్యావహారికంలో ఉండవచ్చు.
హేతువు: అది చదువుకున్నవారు నిత్యం మాట్లాడే భాష కనుక విషయం సులభంగా బోధపడుతుంది.
ఉదాహరణ: పూర్వులు సైతం వ్యాఖ్యానాలలోను, శాస్త్రగ్రంథాలలోను వాడుక రూపాలను ప్రయోగించారు.
ఉపనయం: నేటి పాఠ్యపుస్తకం కూడా అటువంటి విషయబోధకే పుట్టిన వచనం.
నిగమనం: కావున దానికీ ఆ భాషే తగును.

ఇందులో ఉదాహరణే ప్రాణం. ప్రతిపక్షం గౌరవించే ప్రాచీన గ్రంథాల నుండే ఆయన ప్రయోగాలు సేకరించి 'గద్యచింతామణి'గా కూర్చారు. ఎదుటివారు అంగీకరించే ప్రమాణం మీద నిలిచిన మాటను తోసిపుచ్చటం కష్టం.

పూర్వపక్షం బలహీనమైనది కాదు. వాడుక భాష ప్రాంతానికొక తీరుగా ఉంటుందని, గ్రాంథికాన్ని వదిలితే ప్రాచీన కావ్యాలతో సంబంధం తెగుతుందని జయంతి రామయ్య పంతులు గారి పక్షం ఆందోళన చెందింది. తాము కోరుతున్నది గ్రామ్యం కాదని, శిష్టుల వాడుక అని, కావ్యపఠనానికి తాము వ్యతిరేకులం కామని వ్యావహారికవాదులు సమాధానమిచ్చారు. ఆక్షేపణలోని భయాన్ని గుర్తించి ఇచ్చిన సమాధానమది.

ఫలితం వెంటనే రాలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అధికసంఖ్యాకులు గ్రాంథికం వైపే నిలిచారు. విజయనగరం నుండి గురజాడ అప్పారావు గారు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించి, మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. గిడుగు వారు వెనుదీయలేదు. సవర భాష కోసం అడవులలో తిరిగినప్పుడు సోకిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. అయినా సభలకు వెళ్ళారు. 1919లో 'తెలుగు' పత్రిక నడిపారు. 1925లో తణుకు సభలో పూర్వగ్రంథాల ప్రయోగాలనే చూపి విద్వాంసులను ఒప్పించారు. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ వాక్యాలు ఆ పరిశ్రమకు ఫలమే.

పాఠకులకు ఒక చిన్న అభ్యాసం సూచిస్తాను. చెరువు పూడికతీత గానీ, ఉత్సవ వ్యయం గానీ, చర్చకు రానున్న ఒక అంశం తీసుకోండి. ముందుగా ఎదుటివారి అభిప్రాయాన్ని, వారే చదివి "అవును, మా మాట ఇదే" అనగలిగేటట్లు నాలుగు వాక్యాలలో వ్రాయండి. తరువాత మీ పక్షాన్ని ఐదు మెట్లలో అమర్చండి. ఉదాహరణ దొరకని పక్షంలో, ఆ విషయం సభలో ఎత్తే ముందు మరికొంత విచారించండి.