ఇంట్లో మిగిలిన మందులు



మిగిలిన అన్నం పారవేయడం పాపమని మన పెద్దలు నేర్పారు. ఆ మాటనే మందులకు కూడా వర్తింపజేస్తున్నాం. చిక్కు అక్కడే వస్తోంది. చాలా ఇళ్లలో టీవీ పక్కనో, పటాల పీఠం మీదనో ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో సగం వాడిన సిరప్పులు, పేరు చెరిగిన బిళ్ళలు, కాలం చేసిన తాతగారి మందులు ఉంటాయి. అడిగితే, "డబ్బు పోసి కొన్నవి, ఎవరికైనా పనికొస్తాయి" అంటారు.

అన్నం ఆకలిగొన్న ఎవరికైనా మేలే. మందు అలా కాదు. ఈ మనిషికి, ఈ జబ్బుకు, ఇంత మోతాదు, ఇన్ని రోజులు అని వైద్యుడు నిర్ణయిస్తేనే అది మందు. కొలత తప్పితే అదే విషం. మందులు దేవుని సృష్టి అని, వివేకవంతుడు వాటిని తృణీకరించడని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తుంది. కనుక వాటి విషయంలో మనకు కావలసింది వివేకం.

ఎలా దాచాలి?

1. పిల్లలకు అందని ఎత్తులో, తాళం వేసి ఉంచండి. గర్భిణులకు ఇచ్చే ఎర్రని ఐరన్ బిళ్ళలు పసివారికి మిఠాయిలా కనిపిస్తాయి. అవి కొన్ని మింగినా ప్రాణాపాయమే. పిల్లవాడు ఏదైనా మింగితే వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మింగిన మందు అట్టను ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

2. పొయ్యి దగ్గర, కిటికీలో, స్నానాలగదిలో ఉంచకండి. వేడికి, చెమ్మకు మందు చెడిపోతుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు.

3. బిళ్ళలను వాటి అట్టలోనే ఉంచండి. గడువు తేదీ ఉన్న చివరను కత్తిరించకండి.

4. నీళ్లు కలిపిన యాంటీబయాటిక్ సిరప్పు, మూత తీసిన కంటి చుక్కల మందు సీసాపై చెప్పిన రోజులు దాటితే వాడరాదు.

5. పొలంలో కొట్టేదీ మందే, ఒంటికి వాడేదీ మందే అంటాం. పేరు ఒకటైనా ఆ రెండూ ఒకే గూటిలో ఉండరాదు.

ఎర్రగీత ఉన్న అట్టలను వైద్యుని చీటీ లేకుండా వాడరాదు. మిగిలిన యాంటీబయాటిక్ పొరుగింటివారికి ఇవ్వడం దానధర్మం అనిపించుకోదు. దానికి లొంగని సూక్ష్మక్రిములు పెరిగితే రేపు అందరికీ నష్టమే.

ఎలా పారవేయాలి?

కాలువలోనూ, మురుగులోనూ వేయకండి. తెనాలి మధ్యగా సాగే కృష్ణా కాలువలు దిగువ పల్లెలకు వెళ్తాయి. రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో సముద్రానికి దగ్గరి ఊళ్ళు చాలావాటిలో భూగర్భజలం ఉప్పన. అక్కడ మంచినీటి చెరువులను కాలువ నీటితోనే నింపుతారు. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మనం పారేసేది కొద్దిపాటే కావచ్చు. కానీ ప్రతి ఇల్లూ అలాగే అనుకుంటే?

2025లో కేరళ ప్రభుత్వం కోజికోడ్‌లో ఇళ్లనుండి పాత మందులు సేకరించే పథకం ప్రారంభించింది. మన దగ్గర ముందు మందుల షాపువారిని, ప్రభుత్వాసుపత్రిని అడగండి. వారు తీసుకోకపోతే బిళ్ళలను అట్టనుండి తీసి, తడి కాఫీపొడి పిప్పిలోనో మట్టిలోనో కలిపి, సంచిలో మూటకట్టి చెత్తబండికి ఇవ్వండి. చెత్త ఏరుకునే బిడ్డలు వాటిని తినకుండా ఉండడానికే ఈ జాగ్రత్త. కాల్చకండి.

ఒక మినహాయింపు ఉంది. ఫెంటనిల్, మార్ఫిన్, ట్రమడాల్, డయజిపామ్ వంటి 17 మందులు పొరపాటున ఒక్క మోతాదు పడినా ప్రమాదం గనుక, వాటిని టాయిలెట్‌లో వేసి నీళ్లు పోయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో సూచించింది. క్యాన్సర్ రోగి మరణించిన ఇంట్లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ ఆదివారం పూజ ముగించుకుని ఇంటికి వెళ్లాక ఆ పెట్టె దించండి. ఇప్పుడు వాడుతున్నవి ఒకవైపు, గడువు దాటినవి, ఎవరివో తెలియనివి మరొకవైపు పెట్టండి. పెద్దపిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, ఎందుకు వేరు చేస్తున్నారో చెప్పండి.