ఇంటి గుట్టు – పంచాయతీ బాధ్యత

“ఇంటి గుట్టు లంకకు చేటు” అను సామెత మన గ్రామములలో పసివారికి కూడ తెలిసినదే. ఇంటిలోని మాట వీథి కెక్కినచో ఆ ఇంటివారికి కలుగు హాని ఎంతటిదో మన పెద్దలు చక్కగా గ్రహించియుండిరి. అట్టి మాటలు నేడు అనేకము అంగన్‌వాడీ కేంద్రపు పుస్తకములలో చేరుచున్నవి. వాటిని కాపాడుటలో గ్రామ పంచాయతీ సభ్యుల కర్తవ్యమేమో ఈ పాఠములో తెలిసికొందము.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2వ తేదీన దేశములోని 33 బ్లాకులలో ప్రారంభమైనది. పూరక పోషకాహారము, పూర్వ ప్రాథమిక విద్య, పోషణ ఆరోగ్య బోధన, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపుట అను ఆరు సేవలు ఈ పథకము క్రింద కలవు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, స్త్రీ శిశు అభివృద్ధిని పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. కావున అంగన్‌వాడీ మన పంచాయతీకి పరాయిది కాదు. దాని మంచి చెడ్డలు విచారించు హక్కు మనకు కలదు. అయితే ఆ హక్కునకు ఒక హద్దు కూడ కలదు.

పుస్తకములో ఏమి యున్నది?

బిడ్డ బరువు, ఎత్తు, పుట్టిన తేదీ మాత్రమే గాక, తల్లికి ఎన్నవ కాన్పు, రక్తహీనత కలదా, బిడ్డకు అంగవైకల్యము కలదా, కుటుంబము ఏ కులమునకు చెందినది, ఫోను నంబరేమి, ఆధార్ నంబరేమి అను వివరములన్నియు అంగన్‌వాడీ కార్యకర్త వద్ద నుండును. పూర్వము ఇవి పెట్టెలోని పుస్తకములలో నుండెడివి. 2021 మార్చి నుండి పోషణ్ ట్రాకర్ అను విధానము వచ్చుటచే సెల్‌ఫోనులో కూడ నమోదగుచున్నవి. పుస్తకమును నలుగురు చూచుటకు నాలుగు దినములు పట్టును. ఫోనులోని చిత్రము నాలుగు వందల మందికి చేరుటకు నాలుగు నిమిషములు చాలును.

ఒక ఉదాహరణము

ఒక గ్రామమును ఊహించుకొందము. గ్రామసభ జరుగుచున్నది. పిల్లల పోషణ విషయము చర్చకు వచ్చినది. ఒక సభ్యుడు లేచి, తూకపు పట్టికలో ఎరుపు గుర్తు పడిన నలుగురు బిడ్డల పేర్లను తండ్రుల పేర్లతో సహా బిగ్గరగా చదివినాడు. ఆయన ఉద్దేశము మంచిదే. ఆ బిడ్డలకు సాయము చేయవలెననియే ఆయన తలంపు. కాని ఆ నలుగురిలో ఒక బిడ్డ తల్లి వెనుక వరుసలో కూర్చుండియున్నది. బిడ్డకు తిండి పెట్టలేని ఇల్లని నలుగురు అనుకొందురని ఆమె తల వంచుకొని లేచిపోయినది. మరునాటి నుండి బిడ్డను కేంద్రమునకు తెచ్చుట మానివేసినది. గుడ్డు ఆగినది, పాలు ఆగినవి, తూకము ఆగినది. బిడ్డ బరువు తగ్గుట మాత్రము ఆగలేదు.

ఎవరి మేలు కొరకు ఆ పేరు చదువబడినదో ఆ బిడ్డకే హాని కలిగినది. గోప్యత యనగా అధికారులు పెట్టిన వట్టి నియమము కాదు. తల్లికి కేంద్రముపై గల నమ్మకమునకు అది పునాది. నమ్మకము పోయినచో తల్లి నిజము చెప్పదు. నిజము తెలియనిచో సేవ అందదు.

చట్టము ఏమనుచున్నది?

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. పిల్లలను ఆధార్‌లో చేర్చుటకు తల్లిదండ్రుల సమ్మతి అవసరమనియు, ఆధార్ లేదను కారణముచే బిడ్డకు రావలసిన ప్రయోజనమును నిరాకరింపరాదనియు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో ఆ న్యాయస్థానమే పలికినది. హెచ్.ఐ.వి. సోకినవారి విషయమును వారి సమ్మతి లేకుండ వెల్లడింపరాదని 2017లో చేయబడిన చట్టము శాసించుచున్నది. రక్షణ అవసరమైన బిడ్డల పేరు, ఊరు, బడి మొదలగు గుర్తులను ప్రకటించుట 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము శిక్షింపదగిన నేరము.

2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిది సంవత్సరములు నిండని వారి వివరముల విషయములో తల్లిదండ్రుల సమ్మతిని ముఖ్యముగా ఎంచినది. ప్రభుత్వము అందించు ప్రయోజనముల కొరకు చట్టములో కొన్ని మినహాయింపులు కలవు. కాని సేవ కొరకు వివరము వ్రాసికొనుట వేరు, దానిని ఊరంతయు చాటుట వేరు. మొదటి దానికి గల వీలు రెండవ దానికి వర్తింపదు.

సమ్మతి యనగా నేమి?

కాగితముపై వేలిముద్ర పడినంతమాత్రమున సమ్మతి కాదు. అర్థమైన తరువాత, భయము లేకుండ పలికిన “సరే” అను మాటయే సమ్మతి. అందుకు నాలుగు విషయములు తల్లికి తెలియవలెను: ఏ వివరము అడుగుచున్నారు, ఎందుకు అడుగుచున్నారు, ఎవరు చూచెదరు, కాదన్నచో ఏమగును. గోండు, కోయ, లంబాడీ గూడెములలో ఈ మాటలు వారి భాషలోనే చెప్పవలెను. అత్తమామల యెదుట, ఇరుగుపొరుగువారి యెదుట అడిగినచో కోడలు ఔననక తప్పదు. కావున ప్రక్కకు పిలిచి అడుగవలెను.

అంగన్‌వాడీ కార్యకర్త ఇట్లు అడిగినచో చాలును:

“అమ్మా, ఈ నెల బాబు బరువు తగ్గింది. ఈ సంగతి డాక్టరుగారికి చెబితే మంచిదని నా అభిప్రాయం. చెప్పమంటారా? మరెవ్వరికీ చెప్పను. మీరు వద్దన్నా బాబుకు వచ్చే పాలు, గుడ్డు ఆగవు.”

ఈ నాలుగు మాటలలో గౌరవము కలదు, సమాచారము కలదు, కాదనుటకు అవకాశము కలదు. తల్లి మొదట వద్దన్నచో మరల ఓర్పుతో వివరింపవలెనే గాని బెదిరింపరాదు.

ఛాయాచిత్రముల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇంటికి ఇచ్చు ఆహారము అసలైన వారికే చేరుచున్నదో లేదో చూచుటకు ముఖమును గుర్తించు పద్ధతి ప్రవేశపెట్టబడినది. అది పథకపు పని. పంపిణీ దినమున బిడ్డలను వరుసగా నిలిపి చిత్రములు తీసి వాట్సాప్ బృందములకు పంపుట పథకపు పని కాదు. అట్టి చిత్రము తీయుటకు ముందు తల్లిని విడిగా అడుగవలెను. బలహీనమైన బిడ్డ చిత్రమును మాత్రము ఎట్టి పరిస్థితులలోను ప్రచారమునకు వాడరాదు.

సభ్యులు అడుగదగినవి, అడుగరానివి

ఎందరు బిడ్డలు నమోదైరి, ఎందరిని తూచిరి, ఎందరు బలహీనముగా నున్నారు, తూకపు యంత్రము సరిగా పనిచేయుచున్నదా, గ్రుడ్లు, బాలామృతము సకాలములో వచ్చుచున్నవా, నీరు, మరుగుదొడ్డి, ప్రహరీగోడ కలవా అను ప్రశ్నలు సభ్యులు నిరభ్యంతరముగా అడుగవచ్చును, అడుగవలెను. వీటికి సమాధానము అంకెలలో లభించును. ఏ బిడ్డ, ఎవరి బిడ్డ అను ప్రశ్న సభలో అవసరము లేదు. ఒక కుటుంబమునకు పంచాయతీ సాయము కావలసినపుడు, ఆ తల్లి సమ్మతితో కార్యకర్తయే బాధ్యతగల ఒక్కరికి తెలుపవచ్చును. చిన్న గ్రామములో “పడమటి వీథిలో ఒక బిడ్డ” అన్నను అందరికిని తెలిసిపోవును. ఈ సంగతి మరువరాదు.

గుట్టు నిలుపరాని సందర్భము

బిడ్డపై అత్యాచారము జరిగినదని గాని, జరుగనున్నదని గాని తెలిసినపుడు మౌనము వహించుట గోప్యత కాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము లైంగిక నేరమును గూర్చి తెలిసినవారు పోలీసులకు తెలుపవలసినదే. బిడ్డ ఆపదలో నున్నచో 1098 నంబరునకు ఫోను చేయవచ్చును. అప్పుడు కూడ చెప్పవలసినవారికే చెప్పవలెను. రచ్చబండపై చెప్పరాదు. పెద్దమనుషుల ఎదుట రాజీ చేయుట అసలే తగదు.

పంచాయతీ చేయదగిన తీర్మానము

“మన గ్రామ అంగన్‌వాడీ కేంద్రములలోని బిడ్డల, తల్లుల ఆరోగ్య వివరములు గ్రామసభలో పేర్లతో చదువబడవు. అంకెలు మాత్రమే తెలుపబడును. పుస్తకములు ఉంచుటకు తాళము గల బీరువాను పంచాయతీ సమకూర్చును. తల్లిదండ్రుల సమ్మతి లేనిదే బిడ్డల ఛాయాచిత్రములు ప్రచారమునకు వాడబడవు. సమ్మతి ఇయ్యని కుటుంబమునకు ఏ సేవయు తగ్గింపబడదు.”

ఈ తీర్మానమునకు ఒక బీరువా ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు.

చర్చకు ప్రశ్నలు

1. మన కేంద్రములో పుస్తకములు ఎక్కడ నుంచుచున్నారు? ఎవరెవరు తెరచి చూడగలరు?
2. తూకము వేయునపుడు బరువును బిగ్గరగా పలుకుచున్నారా?
3. గత సంవత్సరము మన సభలలో ఏ కుటుంబపు సంగతి యైనను పేరుతో చర్చింపబడినదా? ఆ తరువాత ఆ కుటుంబము కేంద్రమునకు వచ్చుచున్నదా?

మూడవ ప్రశ్నకు సమాధానము కష్టముగా నున్నచో ఆ ఇంటికి పెద్దరికము గల ఒక సభ్యురాలు వెళ్లి, జరిగినదానికి విచారము తెలిపి, బిడ్డను మరల పంపుమని కోరుట మంచిది. ఆ బిడ్డ తిరిగి కేంద్రమునకు వచ్చిన దినమున మన తీర్మానము సార్థకమైనదని భావింతము.